పుండు మానినా మానని నొప్పి



ఈ మాసం ఒక జబ్బు గురించి మాట్లాడుకుందాం. ధర్మబోధ చేసే పత్రికలో జబ్బు ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ జబ్బు ఒకరి ఒంటికే వస్తుంది. కాని అది ఆ ఇంట్లోని వారందరి విశ్వాసాన్నీ, నడవడినీ పరీక్షిస్తుంది. అందుకే దీన్ని ఇక్కడ చర్చించవలసి వచ్చింది.

మన పెద్దలు సర్పి అని, అగ్గిచప్పి అని పిలిచే జబ్బు చాలామందికి తెలిసిందే. డాక్టర్లు దీన్ని హెర్పీస్ జోస్టర్ అంటారు. నడుముకో, వీపుకో, ఛాతీకో, ఒక్కోసారి నుదుటికో ఒకే పక్కన పట్టీలాగా నీటి పొక్కులు లేస్తాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి ఎండి, చెక్కు కట్టి రాలిపోతాయి. అల్‌హమ్దులిల్లాహ్, తగ్గిపోయిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

కాని కొందరికి, ముఖ్యంగా అరవై దాటిన వారికి, అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. పైన చర్మం మామూలుగానే ఉంటుంది. లోపల మాత్రం మంట, సూదులతో పొడిచినట్టు పోట్లు, కరెంటు కొట్టినట్టు జలదరింపు. చీర కొంగు తగిలినా, కుర్తా అంచు రాసుకున్నా ప్రాణం విలవిల్లాడుతుంది. ఫ్యాను గాలిని కూడా ఓర్చుకోలేరు. పొక్కులు వచ్చి 3 నెలలు దాటినా ఈ బాధ పోకపోతే దాన్ని వైద్యులు పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. అంటే సర్పి తర్వాత మిగిలిపోయిన నరాల నొప్పి.

ఇది భ్రమ కాదు

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొడుకులు ఉద్యోగాలకు, వ్యాపారాలకు పోతారు. ఊరి నుంచి తెచ్చుకున్న వృద్ధ తల్లిదండ్రులు రెండు గదుల ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉంటారు. వారి నొప్పిని చూసేవారు లేరు, వినేవారూ తక్కువే.

ఎల్.బి.నగర్‌లో ఒక జుమా నమాజు తర్వాత ఒక యువకుడు మమ్మల్ని ఆపి ఇలా అడిగాడు: "మౌలానా సాబ్, మా అమ్మీకి సర్పి మాని నాలుగు నెలలైంది. ఒంటి మీద ఏమీ లేదు. అయినా రాత్రంతా ఏడుస్తుంది. మా పెద్దన్న అదంతా వహమ్ అంటాడు. మా ఖాలా అయితే ఇది ఎవరో చేయించిందే, కోడలి మీద ఒక కన్నేయండి అంటుంది. మంచి ఆమిల్ ఎవరైనా ఉంటే చెప్పండి."

ఆ ఒక్క ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. తల్లి బాధ, కొడుకు అపనమ్మకం, కోడలి మీద నింద. మొదటిది అల్లాహ్ పంపిన పరీక్ష. మిగిలిన రెండూ మనం తెచ్చిపెట్టుకున్నవి.

ముందు ఆ తల్లి బాధ సంగతి చూద్దాం. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన ప్రతి ఒక్కరి ఒంట్లోనూ ఆ వైరస్ మిగిలే ఉంటుంది. పొక్కులు మానిన తర్వాత అది వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లోకి పోయి నిద్రపోతుంది. ముప్పై, నలభై, యాభై ఏళ్లు అలాగే పడి ఉంటుంది. వయసు మీద పడినప్పుడో, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో మేల్కొని ఒక నరం వెంట పాకుతూ చర్మం దాకా వస్తుంది. ఆ నరం పరిధి ఎంతవరకో పొక్కులూ అంతవరకే లేస్తాయి. ఒకే పక్కన పట్టీలా రావడానికి కారణం ఇదే. సర్పం చుట్టుకుంటోందనీ, తలా తోకా కలిస్తే మనిషి బతకడనీ చెప్పుకునే మాటలకు ఆధారం లేదు.

ఈ సంగతిని వివరించిన వారిలో ముఖ్యుడు ఇంగ్లండులో మామూలు కుటుంబ వైద్యుడిగా పనిచేసిన హోప్ సింప్సన్. తన దగ్గరికి వచ్చిన సర్పి రోగులందరి వివరాలూ ఏళ్ల తరబడి ఓపికగా రాసిపెట్టుకున్నాడు. పాత ఆటలమ్మ వైరసే మేల్కొని సర్పిగా వస్తుందన్న తన అభిప్రాయాన్ని 1965లో ప్రకటించాడు. తర్వాతి పరిశోధనలు ఆ మాటను నిజమని తేల్చాయి. రోగి చెప్పేది శ్రద్ధగా విన్నవాడికి అల్లాహ్ ఒక జ్ఞాన ద్వారం తెరిచాడు. మనం కనీసం మన తల్లి చెప్పేదైనా వినాలి కదా!

వైరస్ పోయిన దారిలో నరం దెబ్బతింటుంది. పైతొడుగు కాలిపోయిన కరెంటు తీగను ఊహించుకోండి. గోడకు రంగు వేసి అందంగా చేసినా లోపలి తీగ నిప్పురవ్వలు కక్కుతూనే ఉంటుంది. అలాగే చర్మం మానినా దెబ్బతిన్న నరం మెదడుకు తప్పుడు సంకేతాలు పంపుతూనే ఉంటుంది. మెత్తని బట్ట తగిలితే నిప్పు తగిలిందని చెబుతుంది. కాబట్టి ఆ తల్లి అబద్ధం ఆడడం లేదు, గారాలు పోవడం లేదు. ఆమె నొప్పి మన చేతివేళ్లంత నిజం.

అనుమానం అనే రెండో జబ్బు

ఇప్పుడు నింద సంగతి. సిహ్ర్, నజర్ ఉన్నాయని మనం విశ్వసిస్తాం. వాటి నుంచి రక్షణ కోసం ఫలఖ్, నాస్ సూరాలు పఠించమని దైవప్రవక్త (స) నేర్పారు. కాని కారణం తెలిసిన జబ్బును పట్టుకుని, సాక్ష్యం లేకుండా ఇంటి కోడలి మీదో, ఆడబిడ్డ మీదో, పక్కింటివారి మీదో వేలెత్తి చూపడం వేరే సంగతి. సూరా హుజురాత్ 12వ ఆయతులో అల్లాహ్ అతిగా అనుమానించడాన్ని వారించాడు. కొన్ని అనుమానాలు పాపమవుతాయని హెచ్చరించాడు. ఒకరి గుట్టు వెతకడాన్నీ, చాటున చెడుగా చెప్పుకోవడాన్నీ ఆ ఆయతులోనే నిషేధించాడు. చూడండి, అనుమానం, గూఢచర్యం, చాడీలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సర్పి నొప్పి కొన్ని నెలల్లో తగ్గవచ్చు. నిందపడిన కోడలి మనసులోని నొప్పి ఎన్నేళ్లకు తగ్గుతుంది? ప్రళయదినాన దానికి ఎవరు జవాబు చెబుతారు?

ఆ యువకుడికి మేము చెప్పింది ఇదే: మీ అమ్మీకి కావలసింది ఆమిల్ కాదు, డాక్టరు. ఇంటికి వెళ్లగానే ముందు ఆమె చేయి పట్టుకుని, నీ నొప్పి నిజమని మేము నమ్ముతున్నామని చెప్పండి.

సహనమంటే నోరు మూసుకోవడమా?

కొందరు రోగి మూలిగితే, సబ్ర్ చేయమ్మా, సవాబ్ పోతుంది అంటారు. ఈ మాట వెనుక ప్రేమే ఉండవచ్చు. అయినా ఇది సరైన అవగాహన కాదు. హజ్రత్ అయ్యూబ్ (అ) సహనానికి మారుపేరు. ఆయన సైతం తనను బాధ చుట్టుముట్టిందని తన ప్రభువుకు మొరపెట్టుకున్నట్టు సూరా అంబియా 83వ ఆయతు తెలుపుతోంది. హజ్రత్ యాఖూబ్ (అ) తన దుఃఖాన్ని అల్లాహ్ ముందు వెళ్లబోసుకున్నారు. మన ప్రవక్త (స) తమకు తలనొప్పి వచ్చినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఎదుట ఆ బాధను పైకే చెప్పుకున్నారని బుఖారీ హదీసులో ఉంది. నొప్పిని నొప్పి అని చెప్పడం అసహనం కాదు. అల్లాహ్ తీర్పు మీద కోపగించుకోవడం, ఆయన కారుణ్యం పట్ల ఆశ వదులుకోవడం అసహనం.

విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దానికి బదులుగా అతని పాపాలు రాలిపోతాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఒక్క ముల్లుకే అంత ప్రతిఫలమైతే రాత్రింబవళ్లు ముళ్ల మీద పడుకున్నట్టు ఉండే ఈ రోగికి ఎంత ప్రతిఫలమో ఆలోచించండి. ఈ మాట రోగికి ధైర్యం చెప్పడానికే వాడాలి. మందు కొనకుండా తప్పించుకోవడానికి వాడకూడదు.

వైద్యం చేయించడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు

వైద్యం చేయించుకోవచ్చా అని కొందరు పల్లెవాసులు అడిగితే దైవప్రవక్త (స) చేయించుకోమనే చెప్పారు. వృద్ధాప్యం తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు పెట్టాడని తెలిపారు. షామ్‌లో ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అన్న ప్రశ్న వచ్చింది. ఒక విధివ్రాత నుంచి అల్లాహ్ నిర్ణయించిన మరో విధివ్రాత వైపే పోతున్నామని ఆయన బదులిచ్చారు. జబ్బు ఆయన నిర్ణయమైతే మందు కూడా ఆయన నిర్ణయమే.

ఇక ఆచరణలో ఏం చేయాలో తెలుసుకుందాం.

మొదటిది: పొక్కులు కనిపించిన 72 గంటల లోపే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ వంటి మందులు అప్పుడు మొదలుపెడితే పొక్కులు త్వరగా మానుతాయి, తొలి రోజుల నొప్పి తగ్గుతుంది. తర్వాత నొప్పి అసలే మిగలదని హామీ ఇవ్వలేకపోయినా, ఈ సమయాన్ని మంత్రాలకు, ఎర్రమన్ను పూతలకు పోగొట్టుకోవడం తెలివి కాదు. నుదుటి మీద, కంటి దగ్గర, ముక్కు కొన మీద పొక్కులు వస్తే చూపుకే ప్రమాదం. చెవి దగ్గర వచ్చి మూతి వంకర పోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అవయవ మార్పిడి, క్యాన్సర్ వంటి వాటికి మందులు వాడుతున్నవారు కూడా ఆలస్యం చేయరాదు.

రెండవది: మిగిలిపోయిన నొప్పికి మామూలు నొప్పి బిళ్లలు అంతగా పనిచేయవు. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫినాక్ వంటివి నెలల తరబడి మింగితే నరం నొప్పి తగ్గదు సరికదా, కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. నరాల నొప్పికి వేరే మందులున్నాయి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ వాటిలో ముఖ్యమైనవి. వీటిలో కొన్ని మూర్ఛకు, మానసిక దిగులుకు కూడా వాడేవి. చీటీ చూసి, మా అమ్మకు పిచ్చి అనుకుంటున్నారా అని కోపం తెచ్చుకోకండి. ఇవి నరాల తప్పుడు సంకేతాలను తగ్గిస్తాయి.

ఈ మందులు ఒక్క రాత్రిలో పనిచేయవు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాల మీద పెంచుతారు. మగత, తల తిరగడం, నోరు ఎండిపోవడం ఉండవచ్చు. తహజ్జుద్‌కో, ఫజ్ర్‌కో లేచేటప్పుడు పెద్దలు పడిపోకుండా దీపం వెలిగించి, చేయి అందించాలి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, గ్లాకోమా, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. నొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానేయకూడదు.

మూడవది: పుండు పూర్తిగా మానిన చర్మం మీద వేసే లిడోకైన్ పట్టీలున్నాయి. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌తో చేసిన పట్టీలను డాక్టరు పర్యవేక్షణలో వేస్తారు. అంతమాత్రాన ఇంట్లో కారం ముద్ద, వెల్లుల్లి ముద్ద పూయకండి, చర్మం కాలిపోతుంది. మందులతో లొంగని వారికి నొప్పి నిపుణులు నరానికి ఇంజక్షన్ ఇచ్చే పద్ధతులు కూడా ఉన్నాయి. తేనె, కలోంజీలలోని శుభాన్ని మనం కాదనం. అయితే వాటి పేరు చెప్పి డాక్టరు మందు మాన్పించేవారి మాట వినకండి. వైద్యం తెలియకుండా వైద్యం చేసేవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు ఉంది. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ రోడ్ల మీద ఎన్ని బోర్డులు కనిపించినా, అర్హత గల డాక్టరేనా అని విచారించే వెళ్లండి. డబ్బుకు ఇబ్బంది ఉన్నవారికి వనస్థలిపురం, మలక్‌పేట ఏరియా ఆస్పత్రులు, ఉస్మానియా జనరల్ ఆస్పత్రి ఉన్నాయి. జకాతుకు అర్హులైన రోగి చేతికి మందుల కోసం జకాత్ సొమ్ము అందించడం గొప్ప సత్కార్యం.

నాలుగవది: డాక్టరు ముందు రోగి తన నొప్పిని వివరంగా చెప్పాలి. వెయ్యేళ్ల కిందట ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' వైద్య గ్రంథంలో నొప్పిని 15 రకాలుగా విభజించారు. గుచ్చే నొప్పి, చీల్చే నొప్పి, దురద నొప్పి, బరువు నొప్పి అంటూ వేరుచేసి చూపారు. నొప్పిగా ఉందని ఒక్క మాటతో ఆపకుండా అది మంటా, పోటా, తాకితే వస్తుందా, తాకకుండానే వస్తుందా, నిద్ర ఎన్ని గంటలు పడుతోంది అన్నవి చెప్పాలి. పర్దా కారణంగా, మొహమాటం కారణంగా చెప్పలేని తల్లుల తరఫున కూతురో, కోడలో రాసుకుని వెళ్లి చెప్పాలి. నొప్పి పూర్తిగా పోకపోయినా రాత్రి నిద్ర పట్టేంతగా తగ్గితే అది కూడా అల్లాహ్ అనుగ్రహమే. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుముఖం పడుతుంది.

నమాజు, ఉపవాసం, హలాల్ సందేహాలు

రుకూలో వంగితే నడుము మంట భరించలేకున్నానని కొందరు నమాజే వదిలేస్తున్నారు. ధర్మం అంత కష్టమైనది కాదు. నిలబడలేని వారు కూర్చుని, కూర్చోలేని వారు పడుకుని చేయాలని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు తెలిపారు. ముఖం మీద నొప్పి ఉండి నీళ్లు పోయడం హాని చేస్తుంటే అక్కడ తడిచేత్తో తుడిస్తే చాలు. అదీ హాని చేస్తే ఆ చోటు వదిలేయవచ్చు. బిగుతు బట్టలు మాని వదులైన నూలు బట్టల్లో, సతర్ కప్పుకుని, నమాజు చేయండి.

రమజాన్‌లో పొక్కులు లేస్తే ఎసైక్లోవిర్ రోజుకు ఐదుసార్లు వేసుకోవలసి వస్తుంది. అలాంటప్పుడు ఉపవాసం విరమించి తర్వాత ఖజా చేసుకునే సౌలభ్యాన్ని అల్లాహ్ సూరా బఖరాలో రోగులకు ఇచ్చాడు. మిగిలిన నొప్పికి మందు వాడేవారు సహరీకి, ఇఫ్తార్‌కు సరిపోయేలా మార్చడానికి వీలుందేమో డాక్టరునే అడగాలి. సొంతంగా మార్చుకోకూడదు. చర్మం మీద వేసే పట్టీ వల్ల ఉపవాసం భంగం కాదు.

క్యాప్సూల్ తొడుగులో జెలటిన్ ఉంటుందని సందేహించేవారు అదే మందు బిళ్ల రూపంలో దొరుకుతుందేమో అడగండి, గాబాపెంటిన్ అలా దొరుకుతుంది. మరో మార్గం లేకపోతే నిర్బంధ పరిస్థితిలో ఉన్నవారికి షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. మీ దగ్గరి ముఫ్తీని అడిగి తెలుసుకోండి, సందేహంతో మందు మానేయకండి.

సర్పి రాకుండా చేసే టీకా కూడా ఉంది. షింగ్రిక్స్ అనే ఈ టీకా 2023 నుంచి మన దేశంలో లభిస్తోంది. 50 ఏళ్లు దాటిన వారికి 2 నుంచి 6 నెలల ఎడంతో రెండు డోసులు వేస్తారు. 50 ఏళ్లు దాటిన వారి మీద జరిపి 2015లో ప్రకటించిన పరీక్షలో ఇది 97 శాతం రక్షణ ఇచ్చింది. 70 దాటిన వారిలోనూ రక్షణ 90 శాతం దాకా ఉందని 2016లో తేలింది. అంతకు ముందు అమెరికాలో వాడిన జోస్టవాక్స్ అనే టీకాలో పంది జెలటిన్ ఉండేది. షింగ్రిక్స్‌లో జెలటిన్ లేదు. ధర ఒక్కో డోసుకు వేల రూపాయల్లో ఉంటుంది. స్తోమత ఉన్న కొడుకులు తల్లిదండ్రుల కోసం డాక్టరుతో మాట్లాడి వేయించడం వారి సేవలో భాగమే. అయితే ఇది జబ్బును అడ్డుకోవడానికే గాని, ఇప్పటికే ఉన్న నొప్పికి మందు కాదు.

రోగి పక్కన మనం

ఈ నొప్పితో నెలల తరబడి నిద్ర లేని వృద్ధులు, అల్లాహ్ నన్ను తీసుకుపోతే బాగుండు అంటుంటారు. కష్టం వచ్చిందని చావు కోరుకోవద్దని దైవప్రవక్త (స) వారించారు. జీవితం మేలైనంత కాలం బతికించమని, మరణం మేలైనప్పుడు తీసుకుపొమ్మని వేడుకోమన్నారు. మరి ఇంటివారి బాధ్యత ఏమిటి? ఆ మాట వినగానే, తౌబా చేయమని గద్దించడంతో సరిపెట్టకండి. ఆమె ఎంత అలసిపోయిందో ఆ మాట చెబుతోంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మర్నాడే డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. నొప్పితో పాటు దిగులుకూ చికిత్స ఉంది.

పొక్కులు తడిగా ఉన్నప్పుడు వాటి నీరు తగిలితే ఆటలమ్మ రానివారికి అది రావచ్చు. అందుచేత చెక్కు కట్టేదాకా పొక్కుల్ని బట్టతో కప్పి ఉంచాలి. గర్భిణులు, పసిపిల్లలు దూరంగా ఉండాలి. పుండు మానిన తర్వాత మిగిలే నొప్పి మాత్రం ఎవరికీ అంటదు. ఆమె పళ్లెం, గ్లాసు వేరు పెట్టకండి. మనవలను ఆమె ఒడికి పంపండి. నొప్పి ఉన్న పక్క తగలకుండా చూడమని పిల్లలకు నేర్పండి.

రోగిని పరామర్శించనివాడిని అల్లాహ్ ప్రళయదినాన నిలదీస్తాడనీ, ఆ రోగి దగ్గరికి వెళ్లి ఉంటే తనను అక్కడ పొందేవాడివని చెబుతాడనీ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అల్లాహ్ సామీప్యం కోసం మనం ఎంత దూరమో పోతాం. అది మన ఇంటి వెనుక గదిలో, మంచం మీద మూలుగుతున్న తల్లి పక్కనే ఉంది.

ఒంట్లో నొప్పి ఉందని చెప్పిన హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కు దైవప్రవక్త (స) నొప్పి ఉన్న చోట చేయి ఉంచి, మూడుసార్లు బిస్మిల్లాహ్ అని, ఏడుసార్లు అల్లాహ్ శరణు వేడే దుఆ చదవమని నేర్పారు. మందుతో పాటు ఇదీ చేయండి. చేయి ఆనితే భరించలేని వారు చేయి ఆనించకుండానే దుఆ చదువుకోవచ్చు. ఆ దుఆ ఇంట్లో అందరూ నేర్చుకోండి.

ఓ అల్లాహ్! కనిపించని నొప్పితో రాత్రులు గడుపుతున్న మా తల్లిదండ్రులకు స్వస్థత ప్రసాదించు. వారి మాట నమ్మే మనసును, వారి చేయి పట్టుకునే ఓపికను మాకు ఇవ్వు. మా ఇళ్లను అనుమానాల నుంచి, నిందల నుంచి కాపాడు. వారి ప్రతి మూలుగునూ వారి పాపాల మన్నింపుకు సాధనంగా చెయ్యి. ఆమీన్.